నరసింగరావు తీపి తినలేదు

ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా ఎదురు క్వార్టరు నరసింగరావు, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో పలకలు చేసే ప్లేట్ మిల్లులో ముప్ఫయ్యారేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, షుగరు ఉందని తెలిసిన రోజు నుంచి ఎడమకాలు తీసేసిన రోజు దాకా ఒక్క లడ్డూ ముక్క నోట్లో వేసుకోలేదు. ఈ సంగతి నేను ఆస్పత్రిలో చెప్పాను, చుట్టాలకి చెప్పాను, ఫోనులో ముక్కూ మొహం తెలియని ఒక పిల్లకి కూడా చెప్పాను. అందరూ ఊఁ కొట్టారు. ఊఁ కొట్టడానికి ఎవరికి మాత్రం ఏం నొప్పి?

నా పేరు భాగ్యరేఖ. ఖుర్సీపార్‌లో ఒక హిందీ మీడియం బళ్ళో ఇరవై ఆరేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. ఇది గర్వంగా చెప్పుకోవడం లేదు, ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది. నరసింగరావు నాకు రక్తసంబంధం కాదు. ఆయనదీ మా నాన్నదీ చీపురుపల్లి వైపు పక్కపక్క ఊళ్ళు. భిలాయి వచ్చిన మావాళ్ళకి ఆపాటి చాలు, చుట్టరికం కలిసిపోతుంది. ఆయన నాకు అన్నయ్య, ఆయన భార్య జోగమ్మ నాకు వదిన. వాళ్ళ గుమ్మంలో నిలబడితే మా వంటింట్లో ఏం ఉడుకుతోందో తెలుస్తుంది. మా గుమ్మంలో నిలబడితే వాళ్ళింట్లో ఎవరు అలిగారో తెలుస్తుంది.

మిల్లులో అన్నయ్య పని మార్కింగ్. కరిగిన ఉక్కు ఒక్కో పోతకీ ఒక నంబరుంటుంది, హీట్ నంబరంటారు. ఆ పోతలోంచి వచ్చిన ప్రతి ప్లేటు మీదా ఆ నంబరూ, ఉక్కు రకం, కొలతలూ పెయింటుతో రాయాలి. పెయింటు చెరిగిపోయినా నంబరు ఉండిపోవాలని మూల మీద సుత్తితో గుద్ది ముద్ర కూడా వెయ్యాలి. అదే నంబరుతో లాబొరేటరీ నుంచి పరీక్ష కాగితం వస్తేనే ప్లేటు గేటు దాటుతుంది. నంబరు ఉందంటే దాని వెనక పరీక్ష ఉంది, పరీక్ష వెనక సంతకం ఉంది, సంతకం వెనక ఒక మనిషున్నాడు. ముప్ఫయ్యారేళ్ళు ఆయన రోజూ చూసిన ప్రపంచం అది.

ఒకసారి వ్యాగన్లలోకి లోడింగ్ అవుతుంటే రెండు ప్లేట్ల మీద నంబరుకీ కాగితంలో నంబరుకీ ఒక అంకె తేడా వచ్చిందట. మూడా, ఎనిమిదా తెలియడం లేదు. క్రేను ఆపమన్నాడు. ఫోర్‌మన్ వచ్చి బండబూతులు తిట్టాడు, రేక్, అంటే గూడ్సుబండి, ఆలస్యమైతే ఎవడు జవాబు చెబుతాడని గెంతాడు. ఈయన వెళ్ళి ఆ ప్లేట్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు గంటలకి కాగితం వచ్చింది. ఒక ప్లేటు నిజంగానే వేరే పోతది.

"అరిసినోడు అరిసినాడు. నాను దిగనేదు," అని ఆ కథ మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. "ఆ ప్లేటు ఏ వంతెనకి పోద్దో, ఏ బాయిలరుకి పోద్దో మనకి తెల్దు కదమ్మా బాగ్యం. మనం రాసిన నంబరు సూసీసే ఆల్లు నమ్ముతారు."

ఇలాంటి మనిషికి రిటైరైన రెండో ఏడు షుగరు బయటపడింది. ఆయన తీపి పిచ్చి మా క్వార్టర్ల లైనంతటికీ తెలుసు. రిటైర్‌మెంట్ రోజున పదకొండు గులాబ్‌జామూన్లు తిని, పన్నెండోది లెక్క సరిచెయ్యడానికని తీసుకుంటే వదిన చేతిలోంచి లాక్కుంది. అలాంటివాడు డాక్టరు వద్దన్న రోజే ఇంటికొచ్చి దేవుడి పటం ముందు నిలబడి, సింహాద్రి అప్పన్న మీద ఒట్టేశాడు. టీలో పంచదార బంద్. ఊరి నుంచి ఎవరు జీళ్ళు తెచ్చినా, పాకుండలు తెచ్చినా పళ్ళెం మా ఇంటికి పంపించేసేవాడు. అన్నం ఒక పూటే, అది కూడా కప్పుతో కొలిచి. మూడు నెలలకి పరీక్ష చేయిస్తే షుగరు దిగింది. డాక్టరు భుజం తట్టాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది, దేవుడా!

ఆగలేదు. కొడుకు రాజాబాబు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు సూపర్‌వైజరు. నాన్న నోరు కట్టుకుని చిక్కిపోతున్నాడని వాడికి బెంగ. పవర్ హౌస్ మార్కెట్లో కొత్తగా తెరిచిన పెద్ద షాపులో ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. దాని పేరు నిరామయి అనుకోండి, అసలు పేరు రాస్తే నోటీసు నా ఇంటికొస్తుంది. పాలలో కలుపుకునే పొడి. డబ్బా మీద పచ్చటి ఆకు, పరిగెత్తుతున్న ముసలాయన, ఏడు ధాన్యాల కంకులు. 'చక్కెర కలపలేదు' అని ఇంగ్లీషులో నా బొటనవేలంత అక్షరాలు. కింద హిందీలో 'మధుమేహంలోనూ నిశ్చింతగా' అని. ఆ నిశ్చింతగా పక్కన ఆవగింజంత చుక్క గుర్తు ఒకటి. అది మేమెవరమూ చూడలేదు.

అన్నయ్య డబ్బా తిప్పి తిప్పి చూశాడు. చూడకుండా నమ్మే మనిషి కాదు, ఆ అపవాదు ఆయన మీద వెయ్యకండి. వెతికి వెతికి ఆయనకి కావలసింది పట్టుకున్నాడు. ఒక మూల ఆహార శాఖ ముద్ర, దాని పక్కన పద్నాలుగు అంకెల నంబరు.

"సూడు బాగ్యం, నంబరుంది. పద్నాలుగు అంకెలు! మా ప్లేటుకి కూడా ఇన్ని నేవు. పరీచ్చ సేసి పాస్ సేసినారన్నమాట."

నేనేమన్నానో తెలుసా? "మంచిదే అన్నయ్యా, తాగు. బలం కూడా వస్తుంది." సైన్సు టీచర్ని! పిల్లలకి పిండి పదార్థాల పాఠం ఏడాదికి రెండుసార్లు చెప్పేదాన్ని. ఆ నంబరు కంపెనీకి వ్యాపారం చేసుకోమని ఇచ్చిన లైసెన్సు నంబరేననీ, ఈ డబ్బాలో పొడి షుగరు రోగికి మంచిదని ఎవరూ పరీక్షించి వేసింది కాదనీ నాకూ తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తీపికి మొహం వాచిపోయి ఉన్నాడేమో, ఆ పాలు మొదటిసారి తాగినప్పుడు అన్నయ్య మొహం చూడాలి! పసివాడి మొహం. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. ఆకలేసినప్పుడు అన్నం తినడం ఎందుకని మధ్యాహ్నం కూడా ఒకటి. డబ్బాలో వేసిన చిన్న చెంచాతో రెండు అని రాసి ఉంది, వదిన వంటింటి గరిటెతో వేసేది. దాంతోపాటు రాజాబాబు రాగి బిస్కట్లు తెచ్చాడు, చక్కెర కలపని కమలాపళ్ళ రసం అట్టపెట్టెలు తెచ్చాడు. ప్రతి దానిమీదా అన్నయ్య ముందు నంబరు వెతికేవాడు. నంబరుంటే పాస్.

నాలుగు నెలలకి షుగరు రెండింతలైంది. డాక్టరు మందు పెంచాడు. ఇంకో మూడు నెలలకి ఇంకా పెరిగింది. మూడు నెలల సగటు చూపించే రక్తపరీక్ష ఒకటుంది, అందులో ఏడు దాటకూడదు, పదకొండు దాటింది. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "చూడండి, రిపోర్టులు అబద్ధం చెప్పవు. మీరు చాటుగా ఏదో తింటున్నారు," అన్నాడట.

"అప్పన్న తోడు బాబూ, తిన్నేదు."

"ఏమీ తినకుండా షుగరు గాల్లోంచి వస్తుందా?"

ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి అని ఆయన అడగలేదు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయనకి తీరిక ఎక్కడిది? డబ్బా సంగతి చెప్పాలని అన్నయ్యకి తోచలేదు. అది ఆయన దృష్టిలో మందులాంటిది. మందు వల్ల రోగం పెరుగుతుందని ఎవరికి అనుమానం వస్తుంది?

అనుమానమంతా మనిషి మీదికి పోయింది. వదిన బెల్లం డబ్బాకి తాళం వేసింది. చొక్కా జేబులు తడిమేది. సాయంత్రం నడకకి వెళ్ళొస్తే దగ్గరికొచ్చి నోరు వాసన చూసేది. పవర్ హౌస్ స్టేషను బయట జిలేబీలు వేసే షాపతన్ని కూడా అడిగొచ్చింది, "భయ్యా, హమారే వో ఆతే హై క్యా?" అని, మా ఆయన వస్తుంటాడా అని. అతను లేదన్నా నమ్మలేదు. ఆమెనీ అనలేను. ముప్ఫయ్యేళ్ళు ఆయన దొంగతనంగా తినడం, ఈమె పట్టుకోవడం వాళ్ళ కాపురంలో ఒక వేడుక. అలవాటైన దొంగ ఒట్టేశానంటే ఏ పెళ్ళాం నమ్ముతుంది? మందేమో పెంచారు, పథ్యం అదే. మరి షుగరు దానంతటదే పెరుగుతోందా?

వినాయకచవితికి మా లైను పందిట్లో పెద్ద గొడవైపోయింది. లడ్డూ ప్రసాదం పంచుతుంటే అన్నయ్య చేతులు వెనక్కి పెట్టుకుని, కళ్ళకద్దుకుంటాను చాలు, ఇవ్వొద్దన్నాడు. ఎవరో, "ఏం నిష్ఠ పెద్దాయనా!" అన్నారు. వదిన అంతమంది మధ్యలో, "ఇంట్లో సాటుగా మెక్కీసి ఇక్కడ నాటకాలు. నిన్నే డాట్టరు నానా సివాట్లూ ఎట్టినాడు," అనేసింది. నవ్వారు అందరూ. నేను కూడా నవ్వాను, దాచడం ఎందుకు.

అన్నయ్య చెప్పులు వెతుక్కుని ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు నాతో ఒక్కమాట అన్నాడు, "బాగ్యం, మిల్లులో నా మాట మీద రేకులు ఆగీవి. ఇంట్లో ఒక్క మనిసి నమ్మదు." నిజానికి నేనూ నమ్మలేదు.

ఆ చలికాలం ఎడమకాలి బొటనవేలు కింద చెప్పు కొరికి పొక్కొచ్చింది. షుగరు ముదిరితే పాదాలకి నొప్పి తెలియదంటారు. ఆయనకి తెలియలేదు. దుప్పటికి మరక అంటితే వదిన చూసింది. పదిహేను రోజులు కట్లు కట్టించుకున్నాడు, తగ్గినట్టే తగ్గి వేలు నల్లబడింది. తర్వాత పక్క వేలు. రాయపూర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. ముందు వేళ్ళు తీశారు. వారానికి మడమ దాకా పాకిందన్నారు. మోకాలి కింద నుంచి తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు. సంతకం పెట్టమని కాగితం ఇస్తే రాజాబాబు పెన్ను మంచం మీద పెట్టేసి మొహం తిప్పుకున్నాడు. అన్నయ్యే తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితమంతా చదివి సంతకం పెట్టాడు.

కాలు తీశాక నాలుగు రోజులు షుగరు అదుపులోనే ఉంది. ఆస్పత్రి తిండి, ఇన్సులిన్. అయిదో రోజు అన్నయ్య నోరు చేదుగా ఉందని, నీరసంగా ఉందని, ఇంటి నుంచి తన డబ్బా తెప్పించుకున్నాడు. వదిన వేణ్ణీళ్ళలో కలిపి ఇచ్చింది, నేను పక్కనే ఉన్నాను. అంతకుముందే చూసిన షుగరు నూటయాభై నాలుగు. రెండు గంటల తర్వాత నర్సు వేలికి సూది గుచ్చి చూస్తే మూడువందల ముప్ఫయి రెండు.

ఆ నర్సు పేరు ఛాయ. పక్కనున్న కుమ్హారి నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది, పాతికేళ్ళుంటాయేమో. మిషను మళ్ళీ తుడిచి ఇంకో వేలికి గుచ్చింది. అంతే వచ్చింది. "దాదా, క్యా ఖాయా?" అంది, ఏం తిన్నావు తాతా అని. వదిన నెత్తి కొట్టుకుంది, "ఇక్కడ కూడా ఎవులో తెచ్చి ఇచ్చీసినారు. అడుగమ్మా, ఎవులిచ్చారో అడుగు!" అని. ఛాయ ఆవిడ మాట వినిపించుకోలేదు. గ్లాసు అడుగున మిగిలిన పొడి వేలితో తీసి చూసింది. డబ్బా అందుకుంది. ముందువైపు చూడనే లేదు, నేరుగా వెనక్కి తిప్పింది.

"దీదీ, మీరు టీచరు కదా, ఇది చదవండి," అంది నాతో హిందీలో.

చదవడానికి నేను కిటికీ దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. లేత పసుపు మీద తెల్లటి అక్షరాలు, చీమ తలకాయంత. డబ్బాలో ఉన్నవన్నీ ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది నియమమట, ఛాయ చెప్పింది. మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండిని విరగ్గొట్టి చేసిన పొడి, గొంతు దిగిన కాసేపటికే గ్లూకోజు అయి రక్తంలో కలుస్తుంది. లెక్కలో మాత్రం దాన్ని చక్కెర అనరు. కాబట్టి 'చక్కెర కలపలేదు' అన్నమాట నిజమే! బొమ్మలో ఉన్న ఏడు ధాన్యాలూ కలిపి నూటికి పదకొండు. చక్కెర అన్న వరసలో వంద గ్రాములకి అయిదు గ్రాములు, దాని పై వరసలో మొత్తం పిండిపదార్థం ఎనభై నాలుగు.

"చక్కెర వరస ఒక్కటే చూస్తే లాభం లేదు దీదీ. పై వరస చూడాలి. అది రెండు చెంచాలకి రాశారా, వంద గ్రాములకి రాశారా అది కూడా చూడాలి. ముందువైపు వాళ్ళు అమ్ముకోడానికి రాసుకునేది. ఏదన్నా తెలియాలంటే వెనక్కి తిప్పాలి."

ఆవగింజంత చుక్క గుర్తు జ్ఞాపకం వచ్చింది. అడుగున ఇంకో చుక్క, దాని పక్కన: ఇది మందు కాదు, మధుమేహం ఉన్నవాళ్ళు వైద్యుల సలహాతో వాడాలి. ఆ రోజు అన్నయ్య వాళ్ళింటికెళ్ళి వంటింటి అలమరలో ఉన్నవన్నీ కిందికి దించాను. రాగి బిస్కట్లలో మొదటి పేరు మైదా, రాగి నూటికి నాలుగు. కమలాపళ్ళ బొమ్మ వేసిన రసంలో ఎక్కువ భాగం ఆపిల్, ద్రాక్షరసం చిక్కబరిచి కలిపింది. ద్రాక్షలో తీపి ఉండదా? మళ్ళీ చక్కెర ఎందుకు కలుపుతారు! ఒక్కటంటే ఒక్కటి అబద్ధం రాయలేదు ఎదవలు. అదే నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమైతే కాలర్ పట్టుకోవచ్చు.

డబ్బా మీద కస్టమర్ కేర్ నంబరుంటే ఫోను చేశాను. ఒక పిల్ల ఎంతో తియ్యగా మాట్లాడింది. మొత్తం చెప్పాను, కాలు తీసేశారని చెప్పాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. పూర్తి సమాచారం ప్యాక్ మీద ముద్రించి ఉంది."

"ఏ అక్షరాలతో ముద్రించారమ్మా, చీమలు చదువుకోడానికా?"

"మీ ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాను మేడమ్. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

ఏం సహాయం అడగను? కాలు తెచ్చిపెట్టమననా? ఆ పిల్లే ఫోను పెట్టేసింది. తర్వాత ఆహార శాఖ పై వాళ్ళకి ఫిర్యాదు కూడా రాశాను, డబ్బా ఫొటోలూ బిల్లూ జతచేసి. అందిందని మెసేజీ వచ్చింది. ఏడు నెలలైంది.

రాజాబాబు ఆ డబ్బా చూస్తే చాలు, లేచి బయటికి పోతాడు. వాడితో నేను మాట్లాడదామని రెండుసార్లు చూశాను, కుదరలేదు. వదినకి ఛాయ ఆ రోజే అన్నీ విడమరిచి చెప్పింది. విని, "అయితే నిజంగానే తిన్నేదేటి? ఒక్కనాడూ తిన్నేదేటి?" అని అదే మాట ఎంతసేపు అందో. మొగుడి దగ్గరికెళ్ళి తప్పయిపోయిందని మాత్రం అనలేకపోయింది. ఆ వయసు మనుషులకి ఆ మాటలు రావు. తల దువ్వింది, ఒళ్ళు తుడిచింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అన్నయ్య మాత్రం తేటపడ్డాడు. కాలు పోయిన మనిషి తేటపడడమేమిటంటారేమో, నేను కళ్ళారా చూశాను. చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ ముందు అదే చెప్పేవాడు, "నాను తిన్నేదర్రా. డబ్బాలో ఉందట. డాట్టరమ్మ పట్టుకుంది." నర్సుని ఆయన డాక్టరమ్మనే అంటాడు.

ఇంటికొచ్చిన వారానికి నన్ను కేకేసి పిలిచాడు. మంచం మీద ఆస్పత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితాలు పరుచుకుని, భూతద్దం పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదివితేగాని వదలడు. ఒక వరస మీద వేలు పెట్టాడు.

"ఇదేటి రాసినారు?"

ఇంగ్లీషులో ఉంది. రోగి ఆహారనియమం పాటించకపోవడం వల్ల షుగరు అదుపు తప్పినట్టు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను, నా మొహం చూసి కనిపెట్టేశాడు. చెప్పక తప్పలేదు.

"అంటే నాను తిన్నానని రాసినారా?"

"చేరినప్పుడు రాసిందే ఇందులో ఉండిపోయుంటుందన్నయ్యా. తర్వాత కదా తెలిసింది."

"మరి తెలిసినాక మార్సరా? ప్లేటు మీద తప్పు నంబరు పడితే గ్రైండరు పెట్టి సెరిపీసి మల్లీ కొట్టీవోల్లం. ఉక్కు మీదిదే సెరిపినాం, కాయితం మీదిది సెరపడానికి ఏటి?" ఆయాసం వచ్చి ఆగాడు. "కాలు పోతే పోనీ బాగ్యం. అది మల్లీ రాదు. ఈ ముక్క తీయించమ్మా. ఎప్పుడేనా మనవరాలు సదూతాది. తాత తిండికి ఆగలేక కాలు పోగొట్టుకున్నాడనుకుంటాది."

ఆయన జీవితంలో నన్ను అడిగిన పని ఇదొక్కటే. మర్నాడు బడికి సెలవు పెట్టి డబ్బా సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. మూడు గంటలు కూర్చోబెట్టారు. అన్నయ్య చేరినప్పుడు చూసిన కుర్ర డాక్టరు దొరికాడు. మంచివాడే పాపం, డబ్బా తీసుకుని చదివాడు, తల అడ్డంగా ఊపాడు. నేను ఆ వరస సంగతి అడిగాను. అది చేరిన రోజు ఇంట్లోవాళ్ళు చెప్పిన వివరాల్లోంచి వచ్చిందన్నాడు. ఇంట్లోవాళ్ళెవరన్నాను. కంప్యూటర్లో వెతికి తెర నా వైపు తిప్పాడు.

వివరాలు చెప్పినది: రోగి భార్య. రోగి చాటుగా తీపి పదార్థాలు తింటాడు, ఎంత చెప్పినా వినడు.

"ఆవిడ చాలా ఏడ్చింది మేడమ్, నాకు గుర్తుంది. ఎలాగైనా ఆయనకి బుద్ధి చెప్పండి, నా మాట వినడం లేదు అంది. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒకసారి రికార్డులో ఎక్కింది తియ్యడానికి నాకు అధికారం లేదు."

నేనెవరి మీద అరవను? డబ్బా సంచిలో వేసుకుని లేచాను. ఆటోలో ఖుర్సీపార్ దాకా వస్తూ ఏం చెప్పాలా అని ఆలోచించాను.

వాళ్ళ ముందుగదిలో అన్నయ్య మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని. మంచం పక్కన కింద వదిన కత్తిపీట ముందు బీరకాయలు చెక్కు తీస్తోంది. నన్ను చూడగానే అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపాడు.

"ఏదీ, కొత్త కాయితం?"

"మార్చరట అన్నయ్యా. ఒకసారి కంప్యూటర్లో ఎక్కాక తియ్యడం వాళ్ళ చేతుల్లో లేదట."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎవులు సెప్పినారట, తింతన్నానని?"

వదిన చేతిలో బీరకాయ ఆగిపోయింది. తలెత్తి నా వైపు చూసింది. ఆవిడకి గుర్తుందని ఆ చూపులోనే తెలిసింది నాకు. నేను ఎవరికీ భయపడి మాట మింగే మనిషిని కాను, మా లైను మొత్తానికి తెలుసు.

"ఎవరూ చెప్పలేదన్నయ్యా. షుగరు అంత ఉంటే వాళ్ళే అలా రాసేసుకుంటారట."

ఆయన ఆలోచించాడు. నమ్మాడు. నా మాట ఎప్పుడూ నమ్మే మనిషేగా! తర్వాత వదిన వైపు తిరిగి, కోపం లేకుండా, చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు.

"ఒలే జోగీ, నువ్వు ఆయేల నా పక్కనే ఉన్నావు కదే. మా ఆయన తిన్నేదు బాబూ అని ఒక్క మాట సెప్పలేకపోనావా?"